బట్ ప్లగ్ ఎంతసేపు ఉంచుకోవచ్చు? భద్రంగా వాడటం గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్తజంట_తిరుపతి:
అందరికీ నమస్తే. మాకు పెళ్ళయి మూడేళ్ళు. నేనూ మా ఆవిడా మాట్లాడుకుని ఆన్‌లైన్‌లో ఒక చిన్న సిలికాన్ బట్ ప్లగ్ (మలద్వారంలో పెట్టుకునే టాయ్) తెప్పించుకున్నాం. పెట్టె మీద "బాడీ మసాజర్" అని మాత్రం ఉంది, ఎలా వాడాలో, ఎంతసేపు వాడాలో ఒక్క ముక్క లేదు. దాంతోపాటు నొప్పి తెలియకుండా చేసే స్ప్రే ఒకటి ఫ్రీగా పంపారు. మా ఆవిడకి మొదట్లో బాగానే ఉంటుంది, గంట దాటేసరికి మోషన్‌కి వెళ్ళాలనిపిస్తున్నట్టు ఉంటోంది అంటోంది. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకరు అరగంట అంటారు, ఇంకొకరు రోజంతా వేసుకుని తిరుగుతాం అంటారు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇప్పటిదాకా కొబ్బరినూనె వాడుతున్నాం, అది సరిపోతుందా? ఇలాంటివి అడగడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

విశాఖ_కెరటం:
ముందు మీరిద్దరూ మాట్లాడుకుని మొదలుపెట్టారు చూడండి, అది చాలా మంచి పని తమ్ముడూ. నేను గే, ఈ వస్తువులు వాడబట్టి చాలా ఏళ్ళయింది. కొత్తవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, పావుగంట నుంచి అరగంటతో మొదలుపెట్టండి. కొన్ని వారాలు ఇబ్బంది లేకుండా గడిస్తే గంట దాకా వెళ్ళొచ్చు. బాగా అలవాటున్నవాళ్ళు కూడా రెండు మూడు గంటలు దాటకూడదనేది ఈ రంగంలో పనిచేసే సెక్స్ ఎడ్యుకేటర్లు ఎక్కువమంది చెప్పే మాట. ఇది ప్రయోగశాలలో తేల్చిన లెక్క కాదు, అనుభవం మీద పెట్టుకున్న గీత. అందుకే గడియారం కంటే శరీరం ముందు చెబితే దాని మాటే వినాలి. మీ ఆవిడకి గంట దగ్గర అలా అనిపిస్తోందంటే ఆవిడ హద్దు ప్రస్తుతానికి అదే, ఇంకా చెప్పాలంటే గంటకి కొంచెం ముందే. అనిపించాక తీయడం కాదు, అనిపించకముందే తీసేయండి.

తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకండి. లోపల తడి ఆరిపోయి ఉంటుంది కాబట్టి అంచు చుట్టూ కాస్త లూబ్, అంటే జారుడు కోసం వాడే జెల్, రాసి, మోషన్‌కి వెళ్ళినట్టు మెల్లగా కిందికి ముక్కుతూ ఉంటే అదే వస్తుంది. చాలామందికి చర్మం చీలేది పెట్టేటప్పుడు కాదు, తొందరపడి లాగేటప్పుడే.

ఓపెన్‌మైండ్_హైద్:
ఇంత భయపెట్టాలా అన్నా? నేను పొద్దున పెట్టుకుని ఆఫీసుకి వెళ్తా, సాయంత్రం వచ్చాక తీస్తా. ఎనిమిది గంటలు ఈజీగా ఉంటుంది. నొప్పి లేదు, రక్తం లేదు. నొప్పి లేనప్పుడు సమస్య ఏంటి? ఎవరి శరీరం వాళ్ళది కదా.

డ్యూటీ_నర్స్:
ఓపెన్‌మైండ్ గారూ, మీ మీద కోపంతో కాదు, బాధ్యతగా చెప్తున్నా. "నొప్పి లేదు కాబట్టి దెబ్బ లేదు" అనేది ఈ భాగం విషయంలో పనిచేయని సూత్రం. మలద్వారం నుంచి లోపలికి సుమారు రెండు సెంటీమీటర్ల దగ్గర ఒక గీత లాంటి హద్దు ఉంటుంది, వైద్యంలో దాన్ని డెంటేట్ లైన్ అంటారు. దానికి కింద చర్మం చేతి మీద చర్మంలాగే నొప్పిని పట్టిస్తుంది. దానికి పైన పొర అలా కాదు, సాగదీస్తే బరువుగా నిండినట్టు తెలుస్తుంది తప్ప కోసినా రాపిడి అయినా పెద్దగా తెలియదు. మీ ప్లగ్‌లో లావుగా ఉండే భాగం సరిగ్గా ఆ పైనే కూర్చుంటుంది. అంటే దెబ్బ తగిలేచోట చెప్పే నరం లేదు.

ఇక గంటల సంగతి. మంచం పట్టిన పేషెంట్లని మేము రెండు గంటలకి ఒకసారి పక్కకి ఎందుకు తిప్పుతాం? ఒకేచోట ఒత్తిడి పడుతూ ఉంటే ఆ కండకి రక్తం అందక పుండు పడుతుంది కాబట్టి. వీపు చర్మం మందంగా ఉంటుంది, అయినా పుండు పడుతుంది. పురీషనాళం లోపలి పొర అంతకంటే ఎంతో పలచన. పైగా అక్కడ యోనిలో లాగా తడి ఊరదు, కాస్త జిగురు మాత్రమే ఉంటుంది, మీరు రాసిన లూబ్‌ని కూడా అది పీల్చుకుంటుంది. ఎనిమిది గంటలు అంటే చివరి ఐదారు గంటలు పొడి వస్తువు పొడి పొర మీద రాసుకుంటూ ఉందన్నమాట. మీకు ఇప్పటిదాకా ఏమీ కాలేదంటే సంతోషమే, దాన్ని ఇంకొకరికి సలహాగా ఇవ్వకండి దయచేసి.

తిరుపతి గారూ, ఆ స్ప్రేని ఇవాళే చెత్తబుట్టలో పడేయండి. అందులో ఉండేది లిడోకైనో బెంజోకైనో అయి ఉంటుంది. ఉన్న ఒక్క హెచ్చరికనీ అది నొక్కేస్తుంది. మందు తాగి వాడటం కూడా అంతే, తాగినప్పుడు ఎంతసేపయిందో గుర్తుండదు, నొప్పి తెలియదు, నిద్ర పట్టేస్తుంది. ప్లగ్ లోపల ఉండగా నిద్రపోవడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చేయకండి.

కొత్తజంట_తిరుపతి:
మేడం, చాలా థాంక్స్. స్ప్రే పడేశాను. ఇంకో అనుమానం. మా దానికి అడుగున గుండ్రంగా చిన్న బిళ్ళ లాంటిది ఉంది, రాయి పొదిగి అందంగా ఉంటుంది. అది సరిపోతుందా? జారి లోపలికి పోయే అవకాశం ఉందా?

సర్జరీ_పీజీ:
ఉంది. ఈ చర్చ మొత్తంలో మీరు అడిగిన అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అక్కడ రెండు కండర వలయాలు ఉంటాయి. బయటిది మన మాట వింటుంది. లోపలిది వినదు, గుండె కొట్టుకున్నట్టు తన పని తను చేసుకుపోతుంది. లావు భాగం దాటగానే లోపలి వలయం ముడుచుకుని వస్తువుని పైకి లాగినట్టు అవుతుంది. పైన పురీషనాళం పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల ఖాళీ సంచి, దాని పైన పెద్దపేగు వంపు తిరిగి కొనసాగుతుంది. యోనికి చివర గర్భాశయ ముఖద్వారం అడ్డు ఉంది, ఇక్కడ అలాంటి అడ్డు ఏమీ లేదు. అందుకే అడుగుభాగం, అంటే బేస్, ప్లగ్‌లో అన్నిటికంటే లావుగా ఉన్న చోటు కంటే వెడల్పుగా ఉండి తీరాలి. గుండ్రటి చిన్న బిళ్ళలు, ముఖ్యంగా మెటల్‌వి, కండరం వదులైనప్పుడు దాటిపోతాయి. ఎక్కువసేపు ఉంచుకోవడానికి పిరుదుల మధ్య నిలువుగా అమరే పొడవాటి బేస్ ఉన్నవి మేలు, అవి తిరగవు, రాసుకోవు. బేస్ గట్టిగా ఉండాలి, వేళ్ళతో మడిస్తే సగానికి మడతపడేంత మెత్తగా ఉంటే అదీ లోపలికి పోగలదు. మెడ దగ్గర సిలికాన్ చీలిక పట్టిందేమో వాడే ప్రతిసారీ ముందు వంచి చూడండి.

నాకు డ్యూటీలో ఎదురైన కేసుల్లో ఇలా కొన్న టాయ్‌ల కంటే ఇంట్లో దొరికినవే ఎక్కువ. డియోడరెంట్ సీసా, వంకాయ, కొవ్వొత్తి, గాజు సీసా. బేస్ లేని ఏ వస్తువూ అక్కడికి పనికిరాదు. గాజు సీసా అయితే లోపల పగలొచ్చు, మూతి వైపు గాలి పీల్చుకుని పేగు గోడకి అతుక్కుపోవచ్చు. వీళ్ళలో చాలామంది ఒకటి రెండు రోజులు సిగ్గుతో ఇంట్లోనే ఉండి, పటకారుతో, స్పూన్‌తో ప్రయత్నించి, విరేచనాల మాత్ర వేసుకుని, అంతా అయ్యాక వస్తారు. అప్పటికి పేగుకి చిల్లు పడి ఉంటే ఆపరేషన్, కొందరికి కొన్ని నెలలు పొట్ట మీద సంచి. మొదటి గంటల్లోనే వచ్చి ఉంటే చాలామందికి మత్తు ఇచ్చి కింద నుంచే తీసేస్తాం, కోత ఉండదు.

ఒకవేళ జారిపోతే కంగారు పడకండి, కంగారులో కండరం ఇంకా బిగుస్తుంది. గొంతుక్కూర్చుని మెల్లగా ముక్కి చూడండి. కాసేపటికి రాకపోతే ఆపేయండి. పరికరాలు పెట్టొద్దు, ఎనిమా వద్దు, విరేచనాల మందు వద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినొద్దు. నేరుగా జనరల్ సర్జన్ ఉండే ఎమర్జెన్సీకి వెళ్ళండి. కడుపునొప్పి, పొట్ట గట్టిపడటం, జ్వరం, రక్తం, కళ్ళు తిరగడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108 పిలవండి. లోపల ఉన్నది ఏంటో, ఎంత పొడవో, బ్యాటరీ ఉందో లేదో డాక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొన్ని ప్లాస్టిక్‌లు ఎక్స్‌రేలో సరిగ్గా కనపడవు, మీరు "పడిపోతే గుచ్చుకుంది" అని కథ చెబితే మేము వెతకాల్సింది ఒకటైతే వెతికేది ఇంకొకటి అవుతుంది.

ఓరుగల్లు_బిడ్డ:
పీజీ అన్నా, మంచిగ చెప్పినవ్. మరి హాస్పిటల్‌కి పోతే పోలీసులకి చెప్తరా? ఇంట్ల తెలుస్తదా? నేను అన్‌మ్యారీడ్, అబ్బాయిలే ఇష్టం, ఊర్ల అందరూ తెలిసినోళ్ళే. భయం అక్కడే ఉంటది, నొప్పి దగ్గర కాదు.

సర్జరీ_పీజీ:
తమ్ముడూ, ఈ భయమే జనాన్ని రెండు రోజులు ఇంట్లో కూర్చోబెడుతోంది. పద్దెనిమిది దాటినవాళ్ళు ఇష్టంతో, ఏకాంతంలో చేసుకున్నది నేరం కాదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇలాంటి సంబంధాల్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్ విషయంలో చెప్పింది అదే, 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. పేషెంట్ రహస్యం కాపాడాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలో స్పష్టంగా ఉంది. నువ్వు మేజర్‌వి, మీ నాన్నగారికి చెప్పొద్దని అడిగే హక్కు నీకుంది. బలవంతం ఏమైనా జరిగిందా అని మేము ఒకసారి అడుగుతాం, అది మా బాధ్యత, దానికి భయపడకు. ఊళ్ళో తెలిసినవాళ్ళు ఉంటారనిపిస్తే పక్క జిల్లా పెద్దాసుపత్రికి వెళ్ళు, కానీ వెళ్ళు.

అక్కడ ఎవరైనా వెకిలిగా మాట్లాడితే అది వాళ్ళ తప్పు, నీది కాదు. చూసే సర్జన్‌కి ఇది కొత్త కేసు కాదు.

డాలస్_అక్క:
కొబ్బరినూనె గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తాను. సిలికాన్ ప్లగ్‌కి దానివల్ల వెంటనే నష్టమేమీ లేదు, జిడ్డు పూర్తిగా కడగాలి అంతే. ప్రమాదం కండోమ్ దగ్గర ఉంది. మామూలు కండోమ్‌లు లేటెక్స్, నూనె ఏదైనా సరే, కొబ్బరినూనె, వాసెలిన్, బేబీ ఆయిల్, ఏది తగిలినా అవి నిమిషాల్లో బలహీనపడి చిరుగుతాయి. ప్లగ్ తీశాక అదే చోట కండోమ్‌తో కలిస్తే ఆ నూనె ఇంకా అక్కడే ఉంటుంది. ఇది చాలామంది ఆలోచించరు.

వాటర్ బేస్డ్ లూబ్ సిలికాన్ టాయ్‌కి భద్రం, కండోమ్‌కీ భద్రం, కాకపోతే త్వరగా ఆరుతుంది, మళ్ళీ మళ్ళీ రాయాలి. సిలికాన్ లూబ్ ఎక్కువసేపు నిలుస్తుంది గానీ సిలికాన్ టాయ్ పైపొరని చెడగొట్టవచ్చు, గాజు, స్టీలు వాటికైతే బాగుంటుంది. వాటర్ బేస్డ్‌లో కూడా గ్లిజరిన్ దండిగా వేసినవి, "వేడి కలిగించేవి", సువాసనవి వద్దు. అవి పొర కణాల్లోని నీటిని లాగేసి పొరని ఊడగొడతాయి. దానికి కొలత ఆస్మోలాలిటీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన సూచనల ప్రకారం అది 380 mOsm/kg లోపు ఉంటే శ్రేష్ఠం, 1200 దాటకూడదు. సీసా మీద రాయకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి, మంచి కంపెనీలు చెబుతాయి.

వస్తువు దేనితో చేశారో కూడా చూడండి. ప్లాటినం క్యూర్డ్ సిలికాన్, బోరోసిలికేట్ గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు, ఈ మూడూ మంచివి. చౌకగా దొరికే జెల్లీ రకాలు, గట్టిగా ప్లాస్టిక్ వాసన కొట్టేవి తీసుకోకండి. వాటిలో సన్నటి రంధ్రాలు ఉంటాయి, ఎంత కడిగినా క్రిములు లోపల దాక్కుంటాయి, కొన్నిటిలో థాలేట్స్ అనే మెత్తబరిచే రసాయనాలు కూడా. ఇలాంటి వస్తువులకి 2021లో ఐఎస్ఓ 3533 అని అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, బేస్ ఎలా ఉండాలో కూడా అందులో ఉంది. మన దగ్గర "మసాజర్" పేరుతో అమ్మేవాళ్ళు అది పాటిస్తున్నారా అని అడిగేవాళ్ళే లేరు, అందుకే కొనేముందు బేస్‌నీ మెటీరియల్‌నీ మనమే చూసుకోవాలి.

గోదారి_గాలి:
నాకు పైల్స్ ఉన్నాయి. రెండు నెలలకోసారి రక్తం కనపడుతుంది. చిన్న సైజు అయితే పర్వాలేదా? నా భర్తకి ఆసక్తి ఉంది, నాకూ ఉంది, కానీ అడగడానికి మొహమాటం.

డ్యూటీ_నర్స్:
గోదారి గారూ, రక్తం కనపడుతున్న రోజుల్లో వద్దే వద్దు. అది పైల్స్ రక్తమా, ఫిషరా (మలద్వారం దగ్గర చీలిక), ఇంకేదైనానా అన్నది ముందు డాక్టరు చూసి చెప్పాలి, మనమే పైల్స్ అని అనుకుని సంవత్సరాలు గడిపేయడం మన ఇళ్ళల్లో మామూలు. తగ్గి, మలబద్ధకం లేకుండా కొన్ని వారాలు గడిచాక మీ సర్జన్‌నే నేరుగా అడగండి, లేడీ సర్జన్ అయితే మాట్లాడటం తేలిక. ఫిషర్ ఉన్నవాళ్ళు, భగందరం (ఫిస్టులా) ఉన్నవాళ్ళు, అక్కడ ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, పేగుపూత ఉన్నవాళ్ళు డాక్టరు సరే అనేదాకా ఆగాల్సిందే. గర్భిణులు కూడా అడిగాకే.

ఈలోపు పీచు ఎక్కువ తినండి, ఇసబ్‌గోల్ వాడండి, నీళ్ళు తాగండి. మోషన్ సాఫీగా అయ్యేవాళ్ళకి లోపల కడుక్కునే అవసరమే పెద్దగా ఉండదు. కొందరు ప్రతిసారీ ఎనిమా పెట్టుకుంటారు, సబ్బునీళ్ళతో కూడా. దయచేసి వద్దు. కడగాలనిపిస్తే గోరువెచ్చటి మంచినీళ్ళు, కొంచెమే, గంట ముందు, అదీ అరుదుగా.

ఇంకొకటి, మీకు "ఆసక్తి ఉంది" అని రాశారు కాబట్టి సరే. లేకపోతే భర్త అడిగాడని ఒప్పుకోవాల్సిన పని లేదు. మధ్యలో వద్దనిపిస్తే మధ్యలోనే తీసేయాలి, ఆ మాటకి అవతలివాళ్ళు ఎదురు చెప్పకూడదు.

ఓపెన్‌మైండ్_హైద్:
డెంటేట్ లైన్ విషయం నాకు నిజంగా తెలియదు మేడం. చదివాను. అయితే ఒక మాట అడుగుతా, మధ్యలో తీసి, కడిగి, లూబ్ రాసి మళ్ళీ పెట్టుకుంటే గంటలు కొత్తగా మొదలవుతాయా? ఆఫీసుకి బండి మీద వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది మరి.

విశాఖ_కెరటం:
మొదలవవు బ్రో. పొర సాధారణ స్థితికి రావడానికి కొన్ని గంటలు కావాలి, నేనైతే ఎక్కువసేపు వాడిన రోజు మర్నాడు ఖాళీ వదిలేస్తా. బండి సంగతి అయితే అసలు వద్దు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు, నీ బరువంతా ఆ బేస్ మీద పడుతుంది, దెబ్బ నేరుగా లోపలికి. సీటు మీద గంటలకొద్దీ కూర్చోవడం కూడా అంతే ఒత్తిడి. ఇంట్లో, తీయాలనుకున్న నిమిషంలో బాత్రూమ్ అందుబాటులో ఉన్నచోట వాడు. ఫోన్‌లో అలారం పెట్టుకో. సైజు పెంచాలని తొందర కూడా వద్దు. కొత్తవాళ్ళకి లావు రెండున్నర మూడు సెంటీమీటర్లు చాలు, లోపలికి వెళ్ళే పొడవు తొమ్మిది సెంటీమీటర్లలోపు.

ఓరుగల్లు_బిడ్డ:
ఒకరి టాయ్ ఇంకొకరు వాడొచ్చా? ఉడికించి కడిగితే సరిపోతదా? నా ఫ్రెండ్ ఒకడు అడగమన్నడు.

డాలస్_అక్క:
ఎవరిది వాళ్ళకి ఉండటమే మంచిది. తప్పనిసరి అయితే దాని మీద కొత్త కండోమ్ వేసి, మనిషి మారగానే కండోమ్ కూడా మార్చాలి. మోటార్ లేని సిలికాన్, స్టీలు వస్తువుల్ని సబ్బుతో కడిగి ఐదు నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచితే శుభ్రం అవుతాయి, వంటపాత్ర కాకుండా వేరే గిన్నె పెట్టుకోండి. బ్యాటరీ ఉన్నవి ఉడికించలేం, సబ్బుతో కడగడం, పూర్తిగా ఆరబెట్టడం. జెల్లీ రకాలు పంచుకునే మాటే లేదు. ఆడవాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త, వెనక వాడినదాన్ని కడగకుండా ముందు వాడితే యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంటుంది.

డ్యూటీ_నర్స్:
ఓరుగల్లు బాబూ, నీ ఫ్రెండ్‌కి ఇది కూడా చెప్పు. కంటికి కనపడనంత రక్తం, జిగురు అంటుకున్నా చాలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, గనేరియా, క్లమీడియా, సిఫిలిస్ ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. ఇప్పటికే అలా జరిగి అనుమానం ఉంటే 72 గంటల్లోపు ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ చికిత్స కేంద్రం) ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి పెప్ మందుల గురించి, అంటే హెచ్‌ఐవీ అంటుకోకుండా వెంటనే వేసుకునే మందుల గురించి అడగమను. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. హెపటైటిస్ బీ టీకా వేయించుకోకపోతే వేయించుకోమను.

కొత్తజంట_తిరుపతి:
మా ఆవిడ కూడా పక్కనే కూర్చుని అన్నీ చదివింది. బిళ్ళ బేస్‌ది పక్కన పెట్టేశాం. చివరిగా ఒక్కటి, మొన్న తీశాక టిష్యూ మీద ఎర్రగా చిన్న మరక కనపడింది, నొప్పి లేదు. ఎన్ని రోజులు ఆగాలి?

డ్యూటీ_నర్స్:
కనీసం వారం పూర్తిగా ఆపండి, వేలు కూడా వద్దు. ఆ వారంలో మోషన్ గట్టిపడకుండా చూసుకోండి, మంట ఉంటే గోరువెచ్చటి నీళ్ళ టబ్‌లో పది పదిహేను నిమిషాలు కూర్చోమనండి. మరక మళ్ళీ కనపడినా, మోషన్ టైంలో కోసినట్టు నొప్పి వచ్చినా అది ఫిషర్ కావచ్చు, సర్జన్‌కి చూపించండి. రక్తం చుక్కలుగా కారినా, నల్లగా వచ్చినా, జ్వరం ఉన్నా, పొట్ట నొప్పి ఉన్నా వారం దాకా చూడొద్దు, అదే రోజు వెళ్ళండి.